వీధికి మూడిళ్ళు

మా ఊళ్ళో ఏ వీధిలోనైనా పదిళ్ళుంటే మూడే అద్దెకివ్వాలి. దానికీ సిటీ వాళ్ళ లైసెన్సుండాలి. ఈ నిబంధన ఆకాశంలోంచి ఊడిపడలేదు. పట్టుబట్టి పెట్టించినవాళ్ళలో నేనొకదాన్ని.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. కాలేజీ కుర్రాళ్ళు ఒక్కో ఇంట్లో తొమ్మిదిమంది దూరి, మా గడ్డిలో బీరు డబ్బాలు విసిరేవాళ్ళు. కౌన్సిల్ మీటింగులో మనిషికి మూడు నిమిషాలిస్తారు. నా మూడు నిమిషాలూ మైకు పట్టుకుని దులిపేశాను. జనం చప్పట్లు కొట్టారు. నిబంధన అమల్లోకి వచ్చేలోపే మాలో తెలివైనవాళ్ళం పరుగెత్తి లైసెన్సులు తెచ్చుకున్నాం. నాకు ఇల్లు అద్దెకిచ్చే ఉద్దేశమే లేదు. కాగితం ఉంటే అమ్మేటప్పుడు మంచి ధర వస్తుందని అందరూ అంటే, నేనూ తీసుకుని ఏటేటా పొడిగించుకుంటూ వచ్చాను.

పక్కింట్లోకి షానా వచ్చి రెండేళ్ళయింది. టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో పని. ఏడేళ్ళ కూతురు బ్రియెల్. ఇంటి యజమాని డ్వైట్ ఎక్కడో సరస్సు ఒడ్డున ఉంటాడు, మనిషి మొహం చూపించడు. జనవరిలో సున్నాకి ఇరవై కింద చలి కొడుతుంటే వాళ్ళ ఇంట్లో గదులు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి షానా ఓవెన్ తలుపు తెరిచిపెట్టి, దాని ముందు పిల్లని కోటుతో కూర్చోబెట్టి హోంవర్క్ చేయిస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ డ్వైట్‌కి ఫోన్ చేశావా?"

"ఆరుసార్లు చేశాను, మిస్ ఆర్డిస్. రేపు వస్తా, రేపు వస్తా అంటున్నాడు."

"వాడి రేపు వేసవిలో వస్తుంది. సిటీకి ఫోన్ చెయ్. ఇన్‌స్పెక్టర్ వచ్చి తాట తీస్తాడు."

"నాకు వాళ్ళంటే భయమండీ."

"భయమెందుకే? ఆ నిబంధనలున్నదే నీలాంటివాళ్ళ కోసం."

ఆ మాట నేనే అన్నాను. నంబరు కూడా నేనే రాసిచ్చాను.

ఇన్‌స్పెక్టర్ మర్నాడే వచ్చాడు. మర్యాదస్తుడు, మంచు బూట్లు గుమ్మంలోనే విప్పాడు. ఫర్నేస్ చూశాడు. తర్వాత ఈ ఇంటి లైసెన్సు నంబరెంత అని అడిగాడు. డ్వైట్ ఎప్పుడూ తీసుకోనేలేదు. ఇప్పుడు తీసుకుందామంటే మా వీధి లెక్క నిండిపోయింది. నలభై అయిదు రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలని తలుపుకి నారింజ రంగు కాగితం అంటించి వెళ్ళాడు. మూడు రోజుల్లో ఫర్నేస్ బాగైంది. ఇల్లు మాత్రం పోయింది.

షానా ఊరంతా గాలించింది. లైసెన్సున్న ఇళ్ళన్నీ నిండే ఉన్నాయి. నది అవతలి ఊళ్ళో దొరుకుతాయి కానీ అక్కణ్ణుంచి తెల్లవారుజాము షిఫ్టుకి బస్సు లేదు. మొదటి ఏడంతా మూగదానిలా కూర్చున్న బ్రియెల్ ఈ ఏడే క్లాసులో చెయ్యెత్తి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ బడి మాన్పించాలంటే షానాకి ప్రాణం పోతోంది.

అప్పుడు నాకు నా లైసెన్సు గుర్తొచ్చింది. నేను వదులుకుంటే వీధిలో ఒక ఖాళీ వస్తుంది, అది డ్వైట్ తీసుకుంటాడు, వీళ్ళు ఉండిపోతారు. డ్వైట్‌కి ఫోన్ చేశాను. "ఇస్తే వద్దంటానా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే నిమ్మకాయ బార్లని పుల్లపుల్లగా ఉండే తీపి ముక్కలు ఒక పళ్ళెం నిండా చేసుకుని సిటీ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్న మర్నా మా చర్చిలో నా పక్కనే నిలబడి పాడుతుంది.

"నా లైసెన్సు వదిలేసుకుంటున్నా, మర్నా."

"అయ్యో, ఎందుకే? బాగా ఆలోచించుకున్నావా?"

"ఆలోచించానులే. కాగితం ఇలా ఇవ్వు."

మా వాళ్ళకో అలవాటుంది. కౌంటరు దగ్గర ప్రశ్నలడిగి అవతలివాళ్ళని ఇబ్బంది పెట్టం. చేతిలో తినేదేదో పెడతాం, సంతకం చేస్తాం, చలి గురించి రెండు మాటలాడి వచ్చేస్తాం. నేనూ అంతే చేశాను. మర్నా ముద్ర వేసి, కంప్యూటర్లో ఎక్కించాక అడిగాను.

"ఈ ఖాళీ మా పక్కింటికి ఎప్పుడిస్తారు?"

మర్నా బారు కొరకబోతున్నదల్లా ఆగిపోయింది. "ఖాళీ ఎక్కడిదే? మీ వీధిలో పదిళ్ళకి ఇన్నాళ్ళూ నాలుగు లైసెన్సులున్నాయి. నిబంధనకి ముందు తీసుకున్నవి కదాని ఒకటి ఎక్కువైనా ఊరుకున్నాం. నువ్వు వదిలేస్తే ఇప్పటికి మూడయ్యాయి."

"అయితే నాది నాకిచ్చెయ్."

"ముద్ర పడిపోయిందిగా. మళ్ళీ కావాలంటే కొత్తగా అడగాలి. కొత్తవాళ్ళకి చోటు లేదు."

"సంతకం పెట్టకముందు చెప్పడానికి నీకేం నొప్పి?"

"నువ్వు అడిగితే కదా," అంది మర్నా. ఆవిడ కళ్ళలోనూ నీళ్ళున్నాయి. ఆవిణ్ణి తిట్టి ఏం లాభం?

తిరిగొచ్చి షానాకి జరిగింది చెప్పాను. ఏడవలేదు. సామాను సర్దిన పెట్టెకి టేపు అంటించడం ఆపింది.

"మిస్ ఆర్డిస్, మీ పైగదులు రెండూ ఖాళీయే కదా. జూన్‌లో బడి అయిపోయేదాకా అందులో ఉంటాం. అద్దె ఇస్తాను. మీ పనులన్నీ చేసిపెడతాను."

పొద్దున్న పది గంటలకి మర్నా ముద్ర వేసేదాకా అది కుదిరే పనే. ఆ బుద్ధి నాకెందుకు పుట్టలేదు?

"లైసెన్సు లేదు కదే ఇప్పుడు," అన్నాను.

"పోనీ అద్దె తీసుకోకండి. చుట్టాల్లా ఉంటాం."

చుట్టాలు కానివాళ్ళు ముప్పై రోజులు దాటి ఉంటే, అద్దె తీసుకున్నా తీసుకోకపోయినా అది అద్దె ఇల్లే. కుర్రాళ్ళు స్నేహితులమని చెప్పి తప్పించుకుంటారు, ఆ దారి మూసెయ్యండని ఆ రోజు మైకులో అరిచింది నేనే. నా మాటల్ని అలాగే నిబంధనలోకి ఎక్కించారు.

"ఎవరు చూడొచ్చారు? ఎవరు చెప్తారు?" అంది షానా.

ఎవరైనా చెప్తారు. అనుమానం వస్తే ఫోన్ చెయ్యండని ఇంటింటికీ నంబరు పంచినదాన్ని కూడా నేనే.

"నెల రోజులు ఉండండి," అన్నాను.

"నెల తర్వాత?"

లోపలి గదిలో బ్రియెల్ తన పుస్తకాలు సర్దుకుంటోంది. షానా అటు చూసి గొంతు తగ్గించింది.

"వద్దులెండి. ఇల్లు వదిలి పోవాలన్న మాట దానికి ఒకసారి చెప్పగలను. మళ్ళీ నెలకి ఇంకోసారి చెప్పమంటే నావల్ల కాదు."