వంకర కోత

గార్డ్నర్ షెడ్డు ముందు ఏవిస్ ట్రక్కు ఆగి ఉండటం థర్లో కళ్ళారా చూశాడు. ట్రక్కు వెనకాల ఆమె మోటారు రంపం. ఇంకేముంది, ఒళ్ళు భగ్గుమంది.

ఏవిస్ భర్త పోయిన ఈ ఐదేళ్ళూ ఆ రంపానికి పదును పెట్టింది థర్లోనే. మంచు పడేలోపు కట్టెలు కోసుకోవాలి కదా, ఆకులు రాలే కాలమంతా ప్రతి శనివారం రంపమూ, ఓ పళ్ళెంలో తను కాల్చిన ‘యాపిల్ పై’ అనే తీపి వంటకమూ పట్టుకుని వచ్చేది. అతను తలొంచుకుని ఆకురాయితో ఒక్కో పన్నూ రాస్తుంటే, ఎదురుగా స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేది. పెళ్ళాం పోయి ఒంటరిగా బతుకుతున్నవాడికి ఆ శనివారాలే పండగ. అడగాలనుకున్న మాట ఐదేళ్ళుగా గొంతులోనే ఉంది. మహానుభావుడు నోరు విప్పితేనా!

ఇప్పుడు మొన్నగాక మొన్న ఊళ్ళోకి దిగిన గార్డ్నర్, కరెంటు మిషనుతో ఇట్టే పదును పెట్టేస్తాడట. ఆ ‘యాపిల్ పై’ వాడు తింటున్నాడన్న ఊహకే థర్లోకి కాఫీ చేదెక్కింది.

మర్నాడు ఉండబట్టలేక ఏవిస్ ఇంటికెళ్ళాడు. పెరట్లో కట్టెల పేర్పులోంచి ఓ మేపుల్ ముక్క తీసి నేలమీద నిలబెట్టాడు. అది కాస్తా ఒరిగి పడిపోయింది. కోత వంకర! అతనికి ప్రాణం లేచొచ్చింది.

"చూశావా ఏవిస్! ఒక పక్క పళ్ళు ఎక్కువ అరగదీస్తే రంపం ఇలాగే పక్కకి లాగేస్తుంది. మిషను కొనుక్కుంటే సరా? చేతిలో పనుండాలి!"

"అవి పోయినేటివి థర్లో. నువ్వు పదును పెట్టినప్పటివి. నిన్న కోసినవి అవిగో."

అవి బుద్ధిగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. థర్లో మొహం మాడిపోయింది.

"మరి ఐదేళ్ళూ చెప్పలేదేం?"

"రంపం కోసమే వచ్చాననుకున్నావా, మొద్దూ! నువ్వేమైనా అంటావేమోనని ఐదేళ్ళు చూశాను. చివరికి, పోనీ కట్టెలన్నా తిన్నగా తెగుతాయని అతని దగ్గరికెళ్ళాను. రెండు నిమిషాల్లో పని ముగించి, తలెత్తి నా మొహంలోకి చూసి, శనివారం భోజనానికొస్తావా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"వస్తానన్నాను."

థర్లో ఆ వంకర ముక్కని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"వారంలో ఇన్ని రోజులుండగా, శనివారమే దొరికిందా వాడికి?" అన్నాడు.