ఎర్ర కయాక్ బరువు

జగదల్‌పూర్‌లో పాత బండ్లు అమ్మే శ్రీరంగంగారు రెండు క్యారవాన్లు చూపించారు. మొదటిదాంట్లో వంటగట్టు, స్నానాలగది, మెత్తటి సోఫాలు అన్నీ అమిరాయి గానీ పడవలు పెట్టే చోటే లేదు. రెండోది కాస్త పాతది. అందులో మంచం ఎత్తుగా కట్టి ఉంది. వెనక తలుపు తీస్తే, మంచం కిందుగా వంటగట్టు దాకా సాగిన పొడవాటి అర కనిపించింది. రాజ్యశ్రీకి అదే నచ్చింది.

ఆమె బచేలీ గనుల కాలనీలో పెరిగింది. భర్త వికాస్‌ది కొంటాలో కిరాణా వ్యాపారుల కుటుంబం. ఇంద్రావతి మీదా శబరి మీదా ఇద్దరూ కలిసి కయాక్ నడపడం నేర్పుతారు. ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని తెడ్డు వేసుకుంటూ పోయే సన్నటి పడవ అది. ఇన్నాళ్లూ వాటిని జీపు నెత్తిన తాళ్లతో కట్టి తిప్పారు.

"పడవలు కింద, మనం పైన. ఇంకేం కావాలి?" అన్నాడు వికాస్.

"సామాను ఎక్కించి నడిపి చూడకుండా ఎలా తీసుకుంటాం?" అంది రాజ్యశ్రీ.

శ్రీరంగంగారు తిప్పి చూడమని తాళాలు ఇచ్చారు. పసుపు కయాక్, ఎర్ర కయాక్, గాలి తీసి చుట్టిన రబ్బరు రాఫ్టు, తెడ్లు అన్నీ ఆ అరలో చక్కగా పట్టాయి. పొద్దున్నే కొంటా వైపు బయల్దేరారు.

దర్భా ఘాటీ కొండ మలుపుల్లో మంచం కింద చప్పుడు మొదలైంది. రాజ్యశ్రీ దిగి చూసింది. కట్టిన పట్టీలు బిగువుగానే ఉన్నాయి. సుక్మా దాటాక మళ్లీ అదే. ఈసారి ఆమె ఆ చప్పుడును గుర్తుపట్టింది. కయాక్‌లో కూర్చోగానే, పాదాలు ఆన్చుకునే చోటు కోసం మడమలతో వెతుక్కుంటాం కదా, అదీ ఆ చప్పుడు. వికాస్‌తో చెప్పలేదు. చెబితే తనకే అది నిజమైపోతుందనిపించింది.

"వెనక్కి లాగుతోంది బండి. బరువు చూపిద్దాం," అన్నాడు వికాస్.

కొంటా ఇంకా రాకముందే లారీలు తూచే ధరమ్‌కాంటా ఉంది. బండిని కాంటా మీద నిలిపి ఇద్దరూ దిగారు. గదిలో కంప్యూటర్ ముందున్న కోసి అనే అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టింది.

"లోపల ఉన్న మనిషిని గూడ దిగమను అన్నా."

"లోపల ఎవరూ లేరు," అన్నాడు వికాస్.

"మరి ఏంది, నంబర్ నిలుస్తలేదు? క్లీనర్ లోపల మసులుతుంటేనే గిట్ల ఆడుతది."

తెర మీద అంకెలు పెరుగుతున్నాయి, తగ్గుతున్నాయి. వికాస్ నవ్వి, లోపలికి వెళ్లి, స్నానాలగది తలుపు కూడా తీసి చూసి వచ్చాడు. మిషన్ ఖరాబైందేమో అన్నాడు. బండిని పక్కకు తీస్తే, వెనక వచ్చిన ఇసుక లారీకి అంకె వెంటనే నిలిచింది.

పడవలన్నీ దించి మళ్లీ తూచారు. నిలిచింది. రాఫ్టు పెట్టారు, పసుపు కయాక్ పెట్టారు. నిలిచింది. ఎర్రదాన్ని లోపలికి తోయగానే అంకెలు మళ్లీ కదలడం మొదలుపెట్టాయి. వికాస్ ఇక నవ్వలేదు.

ఆ ఎర్ర కయాక్ వాళ్లు కొన్నది కాదు. ఒక ఏడాది వరద తీశాక శబరి రాళ్ల మధ్య ఇరుక్కుని దొరికింది. పోలీసు ఠాణాలో చెప్పారు, తెలిసినవాళ్లందరికీ ఫొటో పంపారు. ఎవరూ మాది అని రాలేదు. అప్పట్నుంచీ జీపు నెత్తినే తిరిగింది. వాళ్లతోపాటు ఒకే కప్పు కింద ఉండడం దానికి ఇదే మొదలు.

"దీని మీద నేను పడుకోలేను వికాస్," అంది రాజ్యశ్రీ.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే శబరి ఒడ్డుకు చేరారు. ఎప్పుడూ ఆమె ఒక్కతే భుజాన వేసుకుని మోసే పడవ అది. ఇవాళ ఇద్దరూ పట్టుకుని, మధ్యలో ఆగి ఆగి మోశారు. నీళ్లలో పెట్టి వదిలారు. ప్రవాహం బలంగానే ఉన్నా పడవ కదల్లేదు. కాసేపటికి దాని వెనక భాగం జానెడు లోతుకు దిగింది. మనిషి కూర్చుంటే దిగినట్టే దిగింది. లోపలినుంచి మడమల చప్పుడు ఒక్కసారి వినిపించి ఆగిపోయింది.

అప్పుడు పడవ ముక్కు తిప్పుకుంది. రాళ్లను ఒక్కొక్కటే తప్పించుకుంటూ, సుడి దగ్గర వాలి, మళ్లీ నిటారై, నది తెలిసినవాళ్లు పోయినట్టు పోయింది. వికాస్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"తెడ్డు ఇవ్వలేదు మనం," అంది రాజ్యశ్రీ.

"అడగలేదుగా," అన్నాడు అతను మెల్లగా.

మలుపు తిరిగి ఎరుపు కనుమరుగయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు.

ఆ క్యారవాన్‌నే కొన్నారు. ఖాళీ అయిన చోటులో పట్టేలా ఇంకో కయాక్ చూద్దామని వికాస్ ఒకటి రెండుసార్లు అన్నాడు. రాజ్యశ్రీ వినలేదు. టెంట్లు, దుప్పట్లు, వంటసామాను, దొరికిందల్లా తెచ్చి ఆ పొడవాటి చోటంతా కూరింది. మనిషి కాళ్లు చాపుకునేంత జాగా మిగలకుండా చేతులు పెట్టి తడిమి చూసుకుని, అప్పుడు మంచం మీద పక్క వేసింది.