రాశి మీద ముద్ర

కోడి చేసిన నేరానికి మా అత్త స్తోయాను పియర్ చెట్టుకు కట్టేశారు. ద్రెనోవిక్ ఊరంతా చూస్తుండగా, పట్టపగలు.

కళ్ళంలో మా బార్లీ రాశి పోసి ఉంది. కోసింది మేం. నూర్చింది మేం. కొండగాలికి నిలబడి తూర్పారబట్టింది మేం. కానీ రాశి చుట్టూ చెక్కపలకతో ముద్రలు కొట్టిపోయింది తనాస్ మనుషులు. పంటలో సుల్తాను గారికి కట్టాల్సిన పదో వంతు పన్నును వసూలు చేసుకునే హక్కును మొస్తారు పట్నంలో వేలంపాటలో దక్కించుకున్న కంట్రాక్టుదారు తనాస్. ఆయన తీరిక చూసుకుని వచ్చి, తన వంతు కొలుచుకునేదాకా మేం గుప్పెడు గింజలు ముట్టకూడదు. ముద్ర చెరిగితే దొంగతనం చేసినట్టే. ఎండలు పోయాయి. నేల మీద మంచు పడటం మొదలైంది. తనాస్ రాలేదు. కళ్ళెదుట రాశి పెట్టుకుని మేం దురదగొండాకు ఉడకేసుకుని తింటున్నాం.

ఆ రోజు మా పెట్ట రాశి మీదికెక్కి కాళ్ళతో గీరింది. ముద్ర చెదిరింది. కాపలా ఉన్న జప్తియా, అంటే సర్కారు పోలీసు జవాను, లేచాడు.

"ఎవతిదే ఈ కోడి?"

"నాదే," అంది మా అత్త. "నువ్వు రోజూ మింగే గుడ్లు కూడా దానివే."

అతను ఆమెను జుట్టు పట్టి ఈడ్చాడు. చెట్టుకు కట్టి కొరడా తీశాడు. మా అత్తకు అరవై దాటాయి. ఆమె అరవలేదు, తిట్టింది. వాడి తుపాకిని, వాడి జీతాన్ని, వాడిని కన్న రోజుని తిట్టింది. గావ్రిలో అనే నా మరిది పొలం నుంచి పరుగెత్తుకొచ్చి తాళ్ళు కోసేసరికి ఆమె వీపుకు రవిక అంటుకుపోయింది. నేను నీళ్ళతో తడిపి విడదీస్తుంటే, "జోకా, కోడిని దాచావా?" అని అడిగింది. "దాచాను అత్తా," అన్నాను. ఆ కోడిని అప్పటికే జవాను మెడ విరిచి పట్టుకుపోయాడు.

సాయంత్రం మగా ఆడా అందరం కళ్ళంలోనే కూడాం. పక్క ఊరు సెలిష్టే నుంచి హలీల్ కూడా వచ్చాడు. గావ్రిలో బిడ్డకు పుట్టువెంట్రుకలు తీసింది హలీలే. మా దగ్గర అది రక్తసంబంధంతో సమానం. మా ఊరిది శిలువ, వాళ్ళ ఊరిది నెలవంక. అయినా ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు.

ఊరిపెద్ద మితార్ గొంతు సవరించుకున్నాడు. "ఓర్చుకోవాలి. తనాస్ మనవాడు. మన గుడికి గంట చేయించిన మనిషి. మెల్లగా చెప్పుకుందాం."

"ఆ గంట మా గింజలతో పోతపోసిందే గదా," అంది మా అత్త, నా భుజం మీద ఆనుకుని. "మోగితే నా కడుపే మోగినట్టుంటది."

ఎవరో వెనకనుంచి హలీల్‌ని దెప్పారు. "నీకేంది, సర్కారు మీవాళ్ళదేగా."

హలీల్ తిరిగి చూశాడు. కోపం తెచ్చుకోలేదు. "మావాళ్ళదా? నా కళ్ళంలో రాశి మీద కూడా అదే ముద్ర ఉంది. పోయి చూడు, అదేమన్నా నాతో కలిసి నమాజు చేస్తదేమో. నా పిల్లలు కూడా దురదగొండాకే తింటున్నారు."

చివరికి అర్జీ పెట్టుకుందామని తేలింది. సుల్తాను కొత్త ఫర్మానా ఇచ్చాడట. ఏ మతంవాడైనా ప్రజలంతా సమానమేనట. మొస్తారులో పాలకమండలి ఉందట. అందులో మా మతంవాళ్ళకూ ఒక కుర్చీ వేశారట. మా గోడు వినడానికి. గావ్రిలో, హలీల్ ఇద్దరూ బయల్దేరారు.

తిరిగొచ్చాక గావ్రిలో చెప్పిన సంగతి ఇది.

మండలి గదిలో గోడ పొడవునా దిండ్లు వేసి ఉన్నాయి. మధ్యలో మొస్తారును ఏలే పాషా. ఒక పక్క ఖాజీ, భూస్వామి బేగ్‌లు. రెండో పక్క మాకని వేసిన కుర్చీలో తనాస్. నున్నగా గీసిన గడ్డం, చేతిలో కాఫీ గిన్నె.

గావ్రిలో గడప దగ్గరే ఆగిపోయాడట. హలీలే ముందుకు జరిగి, "పాషా దొరా, మేం ఫిర్యాదు చెయ్యడానికొచ్చింది ఆయన మీదే," అన్నాడు.

పాషా నవ్వాడు. "మంచిదే గదా. ఎదురుగానే ఉన్నాడు. అడుగు."

తనాస్ గిన్నె కింద పెట్టాడు. "రైతులకు తొందరెక్కువ, దొరా. మార్కెట్లో ధాన్యం ధర ఇంకా పెరగాలి. ధర పెరిగితే సుల్తాను ఖజానాకే మేలు. అప్పుడొచ్చి కొలుస్తాను."

"అప్పటిదాకా మేమేం తినాలి?" అన్నాడు గావ్రిలో.

"నువ్వు తినాలని ఫర్మానాలో ఎక్కడుంది?" అన్నాడు బేగ్‌లలో ఒకడు. గదంతా నవ్వింది. పాషాతో బేగ్, ఖాజీతో తనాస్, అందరూ కలిసి ఒకే నవ్వు. అక్కడ మతం అడ్డం రాలేదు.

వాళ్ళు ఊరికి చేరే లోపే వాన పట్టుకుంది. వదలని వాన. రాశుల మీద గొంగళ్ళు కప్పబోతే, ముద్ర కనపడాలని జవాన్లు లాగేశారు. మేం మా చూరుల కింద నిలబడి మా ఏడాది కష్టం నానుతుంటే చూశాం. వాన తెరిపిచ్చాక నేను రాశిలో చెయ్యిపెట్టాను. లోపల వేడిగా ఉంది, జ్వరం వచ్చిన ఒంటిలా. గింజలకు తెల్లటి మొలకలు వచ్చేశాయి.

ఈసారి సభలో మితార్ గొంతు సవరించుకోలేదు. "మా ఇంట్లో కూడా గింజ లేదు," అన్నాడు నేల చూస్తూ. "ఏం చెయ్యమంటారో చెప్పండి."

"ఎత్తుకుందాం," అంది మా అత్త.

"దొంగలంటారు."

"దొంగలు చీకట్లో ఎత్తుకుంటారు. మనం పొద్దున్నే ఎత్తుకుందాం. రెండూళ్ళూ ఒకేసారి."

వాదన చాలాసేపు సాగింది. కొందరు మా భూస్వామి బేగ్ మమ్మల్ని భూమిలోంచి వెళ్ళగొడతాడన్నారు. కొందరు కొండల్లోకి పారిపోదామన్నారు. హలీల్ చివరికి చెప్పాడు: "పదో వంతు కొలిచి కళ్ళంలోనే ఉంచుదాం. ఎవడూ మనం సుల్తానుది తిన్నామనకూడదు. మనది మనం తెచ్చుకుందాం. అంతే."

అలాగే చేశాం. సంతరోజున, ఎండలో, ద్రెనోవిక్ వాళ్ళం సెలిష్టేకు, సెలిష్టే వాళ్ళు ద్రెనోవిక్‌కు వెళ్ళి ఒకరి రాశులు ఒకరం ఎత్తిపోశాం. మొదటి ముద్ర మీద చెయ్యి వేసింది మా అత్త. వీపు ఇంకా మానలేదు, వంగలేక మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ముద్రను చెరిపేసింది. అక్కడి కాపలా జవాను తుపాకి ఎత్తాడు. ఎదురుగా మా ఊరి ఆడవాళ్ళం చేటలతో నిలబడ్డాం. అతను తుపాకి దించి మొస్తారు దారి పట్టాడు. మొలకెత్తినవి పశువులకు పోయగా మిగిలిన మంచి గింజలు మూటలు కట్టాం. ఆ పూట రెండూళ్ళ పొయ్యిల మీద రొట్టె కాలింది.

గుర్రపుదళం రావడానికి ఎంతో కాలం పట్టలేదు. దళనాయకుడు మా రెండూళ్ళనూ సెలిష్టే కళ్ళంలో నిలబెట్టాడు. ముందుగా ముస్లిములను ఒక పక్కకు జరగమన్నాడు.

"మీరు సుల్తాను మతంవాళ్ళు. ఈ శిలువగాళ్ళు మిమ్మల్ని చెడగొట్టారు. అవునని ఒక్క మాట చెప్పండి, మీ తప్పు మాఫీ. ఈ ఏడు పన్ను కూడా మాఫీ."

ఎవరైనా ఒక్కరు జరుగుతారేమోనని నేను వాళ్ళ వరసంతా చూశాను.

హలీల్ కదిలాడు. నడుచుకుంటూ వచ్చి మా గావ్రిలో పక్కన నిలబడ్డాడు. "చెడగొట్టింది వీళ్ళు కాదు దొరా, ఆకలి. దాన్ని పట్టుకుపోండి."

ఇద్దర్నీ ఒకే గొలుసుకు కట్టి తీసుకుపోయారు. పక్కన పెట్టిన పదో వంతును కూడా గుర్రాల మీద వేసుకుపోయారు. దాంతోపాటు ఇళ్ళలో దొరికిందంతా.

మొస్తారు జైల్లో హలీల్‌ని చంపేశారు. గావ్రిలోను వదిలేశారు. రెండూళ్ళ మధ్య చిచ్చు పెట్టడానికే వదిలారని మాకు తెలియంది కాదు. శవాన్ని గుర్రం మీద వేసి, ఆ గుర్రం పగ్గం గావ్రిలో చేతికే ఇచ్చి పంపారు.

సెలిష్టేలో గుసగుసలు లేచాయి. "వాళ్ళవాడు బతికొచ్చాడు. మనవాడు శవమై వచ్చాడు. ఏం చెప్పి బయటపడ్డాడో." గుర్రం వాకిట్లో ఆగింది. హలీల్ పెళ్ళాం ఫాతా బయటికొచ్చింది. మేం ద్రెనోవిక్ వాళ్ళం దడి అవతలే నిలబడిపోయాం. లోపలికి రమ్మంటారో, రాళ్ళేస్తారో తెలియలేదు.

ఫాతా ముందు మొగుడి మొహం చూసింది. తర్వాత గావ్రిలో కాళ్ళు చూసింది. అరికాళ్ళ మీద కర్రలతో కొట్టిన కాళ్ళు. చింకిపాతలు చుట్టుకుని ఉన్నాయి, పాతల్లోంచి నెత్తురు కారుతోంది. ఆ కాళ్ళతోనే మొస్తారు నుంచి కొండదారంతా గుర్రం పక్కన నడిచొచ్చాడు.

"గుర్రమెక్కలేదా నువ్వు?" అని అడిగింది.

"బావని కిందికి దింపి ఎట్లా ఎక్కను వదినా?"

ఫాతా తన ఊరివాళ్ళ వైపు తిరిగి, "దడి తియ్యండి. వాళ్ళు బయట నిలబడ్డారేంది?" అంది.

హలీల్‌ని రెండూళ్ళ భుజాల మీద మోశాం. ఇమాం ప్రార్థన చదివినంతసేపూ మా మగవాళ్ళు టోపీలు తీశారు, మేమంతా తలలు వంచి నిలబడ్డాం. చివరి మట్టి పోసింది గావ్రిలో.

శ్మశానం నుంచి ఎవరూ ఇళ్ళకు కదల్లేదు. పై లోయలో బేగ్ సొంత పొలం ఉంది. మేం వెట్టికి దున్ని, వెట్టికి కోసిన పొలం. అక్కడ జొన్నరాశులు ఇంకా కళ్ళంలోనే ఉన్నాయి. వాటి మీదా తనాస్ ముద్రే. తుపాకుల కాపలా ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరూ అటే చూస్తున్నారు.

ఫాతా చేతికంటిన మట్టి దులుపుకుంది.

"చేటలు తెండి," అంది. "ఆయనున్నప్పుడు పదో వంతు వదిలిపెట్టాం. ఈసారి ఒక్క గింజ కూడా వదలొద్దు."

మా అత్త స్తోయా అందరికంటే ముందు లేచింది. మేం చేటలు తెచ్చుకున్నాం. మితార్ చేటతో రాలేదు. తాతలనాటి తుపాకిని చూరులోంచి తీసి, తుడుచుకుంటూ వచ్చి మాతో కలిశాడు. పై లోయ దారిలో మేం ఎక్కుతుంటే పక్క ఊళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి, ఎక్కడికని అడగకుండానే మా వెనక నడవడం మొదలుపెట్టారు.