ఏంకాదు డాక్టరూ, రెండు ఇంజన్లూ

పళ్ళ డాక్టరును ఊళ్ళో అందరూ ఏంకాదు డాక్టరు అంటారు. కుర్చీలో కూర్చున్నవాడు నోరు తెరవకముందే "ఏం కాదు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు" అనేస్తాడు. ఆ తర్వాత వాడు గావుకేక పెట్టినా ఈయన మాట మారదు. మనిషి మంచివాడే, పాపం. ఎదుటివాళ్ళ భయం చూడలేడు, అంతే.

భార్య భయం మాత్రం ఆయన వల్ల పోలేదు. ఆమె అక్కగారి ఇల్లు సముద్రపు పాయకు అవతల. బస్సు, పడవ, రేవులో ఎదురుచూసే అక్కతో మళ్ళీ బస్సు ఎక్కి వెళ్ళేసరికి ఒళ్ళు హూనం. డాక్టరుగారికి సొంతంగా ఒంటి ఇంజను విమానం ఉంది, ఆయనే నడుపుతాడు. అందులో అయితే ఇట్టే చేరిపోవచ్చు. కానీ ఓసారి నీళ్ళ మీద ఉండగా ఆ ఇంజను దగ్గింది. దగ్గి, సర్దుకుంది. దిగాక ఆవిడ ఆ విమానం వంక మళ్ళీ చూస్తే ఒట్టు! అప్పట్నుంచి పడవే. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఎగరడం డాక్టరుకు ఉప్పులేని కూడులా తయారైంది. ఒక ఇంజను తెచ్చిన భయం రెండు ఇంజన్లతో పోతుందని లెక్కవేసి, రెండింజన్ల విమానం నడిపే శిక్షణ పూర్తిచేసి, పాత విమానాల వేటలో పడ్డాడు.

మొదట చూసినదానికి కొత్త రంగు, తోలు సీట్లు, అబ్బో, ఒకటే సోకు. కానీ ఏళ్ళ తరబడి షెడ్డులోంచి కదల్లేదు. మెకానిక్కు సిలిండర్లలోకి లైటు వేసి చూసి "లోపలంతా తుప్పే సార్" అన్నాడు. ఎగరని ఇంజనుకు వచ్చే జబ్బే అది. రెండోదానికి రంగు వెలిసిపోయింది, తలుపు ఒక పట్టాన పడదు. అయితే దాని యజమాని, రిటైరైన పైలట్ పెద్దాయన, వారం వారం ఎగిరేవాడు. గుండె జబ్బని లైసెన్సు ఆగిపోయాక అమ్మకానికి పెట్టాడు. ఇంజన్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి.

"ఒక్కసారి కూర్చో. నచ్చకపోతే ఇక నీ జోలికి రాను" అని డాక్టరు భార్యను బతిమాలాడు. "ఒకటి ఆగినా రెండోది ఉంటుంది. ఏం కాదు."

ఆ చివరి మాటకు ఆమె మొహం ముడుచుకుంది. అయినా వెనక సీట్లో ఎక్కి బెల్టు బిగించుకుంది. ముందు డాక్టరు నడిపే సీట్లో, పెద్దాయన ఆయన పక్కన కూర్చున్నారు.

బాగా ఎత్తుకు వెళ్ళాక పెద్దాయన "డాక్టరుగారూ, ఒక ఇంజను తగ్గిస్తున్నా. ఏది ఆగిందో చెప్పండి" అని, ఇంజన్ల జోరు పెంచి తగ్గించే లివర్లు కనబడకుండా అట్ట అడ్డం పెట్టి ఒకటి వెనక్కి లాగాడు. విమానం ఎడమకు తిరగబోయింది. దాన్ని సూటిగా నిలపడానికి డాక్టరు కుడికాలు దానంతటదే పెడల్ తొక్కింది. ఏ కాలికి పని లేదో ఆ పక్క ఇంజను ఆగినట్టు, దాని లివరు పూర్తిగా వెనక్కి లాగేయాలి. శిక్షణలో వల్లెవేసిన పాఠమే. కానీ వెనక భార్య ఉందన్న కంగారులో, తొక్కుతున్న కాలి పక్కదే ఆగిందనుకుని, అట్ట కిందికి చెయ్యి పోనిచ్చి కుడి లివరు లాగేశాడు.

రెండు ఇంజన్ల హోరూ ఒక్కసారిగా పడిపోయింది. పెద్దాయన తొణక్కుండా రెండు లివర్లూ ముందుకు తోశాడు. హోరు మళ్ళీ అందుకుంది.

"ఏం కాదు" అన్న మాట డాక్టరు నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"తప్పు నాదే" అన్నాడు, వెనక్కి తిరిగే ధైర్యం లేక. "బాగున్న ఇంజను ఆపేశాను. నాకు భయమేసింది."

దిగాక రెక్క పక్కన నిలబడి, "నీకు పడవ టికెట్టు నేనే తెచ్చిపెడతాలే" అన్నాడు భార్యతో.

"ఆరోజు ఇంజను దగ్గినప్పుడు నాతో ఏమన్నారో గుర్తుందా?" అందామె.

"ఏం కాదన్నాను."

"చెమటతో చొక్కా తడిసి ముద్దయింది, పైగా నవ్వుతూ ఏం కాదంటారు! నేనేమన్నా మీ కుర్చీలో కూర్చున్న పేషెంటునా? నా భయం ఇంజను గురించి కాదండీ. ఏదన్నా అయితే మీరు నాకు చెప్పరని." ఆమె రెక్క మీద చెయ్యి ఆనించింది. "ఇవాళ చెప్పారు."

డాక్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "బాబాయ్‌గారూ, ఈయనకు చెయ్యి తిరిగేదాకా మీరు తోడు వస్తారా?"

"నడపొద్దన్నారు గానీ ఎక్కొద్దనలేదు తల్లీ!" అన్నాడాయన. విమానం అమ్మేసి ఇంట్లో ఎలా కూర్చోవాలా అని కుమిలిపోతున్నవాడి మొహం చేటంత అయింది.

"అయితే ఇప్పుడు మీరు వెనక కూర్చుని నాకు చెప్పండి. ముందు సీటు నాది. ఆ లివరు ఈసారి నేను లాగుతా."

మళ్ళీ పైకి వెళ్ళారు. ఆమె అట్ట అడ్డం పెట్టి, పెద్దాయన చెప్పినట్టే ఒక లివరు నెమ్మదిగా లాగింది. విమానం కుడికి తిరగబోయింది.

"ఏ కాలు ఖాళీగా ఉందండీ?"

డాక్టరు ఈసారి తొందరపడలేదు. "కుడికాలు. ఆగింది కుడి ఇంజను" అన్నాడు. పెడల్ మీంచి కాలు తీయకుండానే, "రెండు కాళ్ళూ వణుకుతున్నాయే" అన్నాడు.

"నాకూనండీ" అంటూ ఆమె లివరు ముందుకు తోసింది. "దిగగానే అక్కకు ఫోన్ చేస్తా. ఈసారి రేవుకు రావద్దని చెప్తా."