ఉపగ్రహం చెప్పిన టైము

ధనంజయ మిద్దె పిట్టగోడ మీదున్న జీపీఎస్ రిసీవర్‌కు అంటిన పావురాల రెట్టను తడిగుడ్డతో తుడుస్తున్నాడు. సబ్బుబిళ్లంత నల్లడబ్బా అది. దాని తీగ కిటికీలోంచి కంప్యూటర్‌లోకి పోతుంది. ఉపగ్రహాలు పంపే సమయాన్ని, ఫోను లైనులో ఇంటర్నెట్ తెచ్చే సమయంతో పోల్చి కంప్యూటర్ గడియారాన్ని దిద్దుతాడు. తర్వాత దాన్ని చూసి చేతిగడియారాన్ని. ఆఫీసుకు పోయేముందు రోజూ ఇదే పూజ.

ఆఫీసంటే ఒక పాలడెయిరీ. చేరినప్పుడూ గుమాస్తా, ఇప్పుడూ గుమాస్తానే. కలిసి టీ తాగుదామని పిలిచినవాడు ఒక్కడూ లేడు. నడివయసులో అతనికి దొరికిన గొప్పతనమల్లా ఇదే: తిరుపతిలో అందరి గడియారాలూ తప్పు, తనదొక్కటే ఒప్పు. బస్టాండు గడియారం చూసినా, పక్కింటి గోడగడియారం చూసినా పెదవి విరిచి, "దున్నపోతులు" అనుకునేవాడు. ఆ ఒప్పు టైముతో తాను చేసిన ఘనకార్యం ఏదీ లేదు.

మెట్లు దిగేసరికి బావమరిది హరినాథ్ వాకిట్లో సైకిలు దిగుతున్నాడు.

"ఏం బావా, తెల్లారినప్పట్నుంచీ ఫోను చేస్తా ఉండా, ఎప్పుడూ ఎంగేజే! ఆస్పత్రిలో నాయనకు ఊపిరాడ్డం లేదు. ఆడ నా పెండ్లాం భానుశ్రీ ఒక్కతే ఉండాది. అక్కను పిల్చుకోని పో. నేను బస్సులో మా ఊరు వడమాలపేటకు పోయి అమ్మను తెస్తా."

"లైను నెట్టుకు తగిలించినా," అన్నాడు ధనంజయ, అదొక సమాధానమైనట్టు.

లోపల్నుంచి విన్న భార్య నిర్మలమ్మ వచ్చి చెప్పులు తొడుక్కుంది.

ఆస్పత్రి గేటు దగ్గర జనం. చూడ్డానికి వచ్చినవాళ్లను వదిలే వేళ ఇంకా కాలేదు. వేళ కాకముందు లోపలికి పోవడానికి పాసు ఏదని భార్య అడిగితే ధనంజయ ఖాళీ చేతులు చూపించాడు. ఉన్న ఒక్క పాసూ లోపల భానుశ్రీ దగ్గరుంది. కాపలాదారు మునిరామయ్య నిర్మలమ్మ ముఖం చూశాడు. తాళం తీస్తూ, "టైమయిందిలే, పోమ్మా" అన్నాడు.

ధనంజయ నవ్వాడు. "ఏం టైమప్పా? ఇంకా పావుగంట ఉండాది. నాది ఉపగ్రహం టైము. గడియారం సూడ్డం రానోళ్లను గేటు కాడ పెట్టినారే!"

లోపల నడుస్తున్న సూపర్వైజరు ఆ మాటకు ఆగి, వెనక్కి తిరిగాడు. మునిరామయ్య ముఖం ఎర్రబడింది. తీసిన తాళం మళ్లీ వేశాడు.

"అట్లనే సామీ. ఆ ఉపగ్రహం చెప్పినప్పుడే రాండి."

నిర్మలమ్మ గేటు కమ్మీలు పట్టుకుని బతిమాలింది. సూపర్వైజరు కదల్లేదు, మునిరామయ్య తల ఎత్తలేదు. ధనంజయ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

చివరికి గేటు తెరిచినప్పుడు మణికట్టు ఆమె ముందు పెట్టి, "సూడు, కరెక్టుగా ఇప్పుడు" అన్నాడు. ఆమె అప్పటికే పరుగెత్తుతోంది.

అతను వార్డుకు చేరేసరికి భానుశ్రీ మామ ముఖం మీదికి దుప్పటి లాగుతోంది.

"ఇప్పుడే వదినా. నిర్మల యాడ, నిర్మల యాడ అని వాకిలి పక్కే సూస్తా పోయినాడు."

నిర్మలమ్మ తండ్రి పాదాలు పట్టుకుంది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"ఆయప్ప తెరిచినాడు. నువ్వు మూయించినావు."

పెళ్లయినప్పట్నుంచీ ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

శవాన్ని ఎక్కించిన వ్యాను వడమాలపేటకు పోయే పుత్తూరు దారి పట్టడానికి సిద్ధమైంది. అతను ఒక కాలు లోపల పెట్టబోతే ఆమె తలుపు లాగేసింది. వడమాలపేట పోయిన నిర్మలమ్మ మళ్లీ ధనంజయ ఇంటి గడప తొక్కలేదు.

వ్యాను పోయాక అతను గేటు దగ్గరికి వచ్చాడు. సిమెంటు బెంచీ మీద, తండ్రికి తాపించాలని ఆమె కొని, తొందరలో మరిచిపోయిన లేత టెంకాయ ఉంది. కొట్టిన చోట మూతపెట్టిన చెక్క పక్కకు జారి, అంచు చుట్టూ చీమలు పట్టి ఉన్నాయి.