పదిహేడో సీసా

నిహారిక సీసా పోయింది శుద్ధి రోజున. మైల తీరాలని మా అక్కయ్య అచ్చాయమ్మ వట్లూరులోని మా ఇల్లంతా కడిగింది. ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ తీసి పారేసింది. పాలు, పెరుగు, మిగిలిన కూరలతోపాటు స్పిరిట్ నింపిన చిన్న సీసా కూడా పోయింది. నేను చూసేసరికి చెత్తబండి వచ్చి వెళ్ళింది.

నిహారిక నా కూతురు. జ్వరంతో పోయేనాటికి ఇరవై ఆరేళ్ళు. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల గట్ల మీద జంతువుల మలం ఏరి, అందులోని డీఎన్ఏని బట్టి అది ఏ జంతువుదో తేల్చడం ఆమె పని. పదహారు నమూనాలు తేలాయి: నీటికుక్కలు, నక్కలు, ముంగిసలు. పోయిన సీసాలోని పదిహేడోది, చేపలు పట్టి తినే బావురుపిల్లిదని ఆమె నమ్మకం. పరీక్షలో తేలితేనే గణపవరం వైపు చెరువుల్లో ఆ పిల్లి ఉందని ఆమె నివేదికలో ఉంటుంది. లేకపోతే పట్టికలో ఆ వరుస తీసేస్తారు. తాడేపల్లిగూడెం ల్యాబ్‌లో ఆమెతో పనిచేసిన సాయిప్రియ, అదే చెరువు నుంచి ఇంకోటి తెస్తే నెలాఖరు వరకు ఆగుతానంది. కొత్త సీసా, గ్లవ్స్ ఇచ్చింది.

సంగతి తెలిశాక అక్కయ్య రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు, "నేనూ వస్తాన్రా, ఆ చెరువెక్కడో చూపించు" అంది.

చెరువు అబ్బాయిరాజుగారిది. ఆయన మాతోపాటు గట్టు మీద నడిచారు.

"పాపని ఏడిపించేవాణ్ణండి మాస్టారూ. మా చేపలు తిన్నదాని పెంట మోసుకుపోతున్నావేంటి తల్లీ అని. దొంగ పేరు చెబుతాను రాజుగారూ, కేసు మాత్రం పెట్టకండి అనేదండి."

అక్కయ్య అప్పటికే తుంగ మొదట్లో వంగి ఉంది.

"ఒరేయ్, చేప ముళ్ళున్నాయి. ఇదేనేమో చూడు."

నేను సంచిలోంచి గ్లవ్స్ తీసేలోపే దాన్ని ఎత్తి అరచేతిలో పెట్టుకుంది.

"ఏవండీ అమ్మా, చేత్తోనా!" అన్నారు రాజుగారు.

"మైలని పారేసింది ఈ చేతులేనండి."

తనే సీసాలో వేసి మూత బిగించింది. నేను వద్దని, ఇంకోటి వెతుకుదామని అనవలసింది.

పది రోజులకు సాయిప్రియ ఫోన్ చేసింది.

"మాస్టారూ, పిల్లి రాలేదండీ. మనిషి వచ్చింది. ఎవరైనా చేత్తో ముట్టుకున్నారాండీ?"

"ముట్టుకున్నారమ్మా."

"ఎండకి ఎండినదాంట్లో జంతువు డీఎన్ఏ తక్కువుంటుందండి. ముట్టుకున్నవాళ్ళదే పైకొచ్చేస్తుంది. ఇంకోటి తేగలరా? నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులు టైముందండి."

తెస్తానన్నాను.

అక్కయ్య రోజూ అడుగుతోంది, పిల్లేనా అని. ఇంకా తెలియలేదని చెబుతున్నాను. మూడు రోజులుగా వాన. గట్టు మీద ఏదీ నిలవదు. రెండో నమూనా ఇంకా తీసుకురాలేదు. అక్కయ్యకు నిజం చెప్పలేదు.