మిల్లు లోయ పుంజు

అడవిలోకి వచ్చేసరికే ఎర్లీన్‌కి ఒళ్ళు మండిపోతూ ఉంది. ఆ మంట ఇవాళ్టిది కాదు. చలికాలంలో నాన్న పోయినప్పుడు, ఆయన్ని మట్టిలో పెట్టకముందే తమ్ముడు డెల్మర్ గోడ మీది పిలుపు పెట్టె తీసి జేబులో వేసుకున్నాడు. దేవదారు చెక్కతో నాన్న తన చేతులతో చేసుకున్న పెట్టె అది. మూతకి సుద్ద రాసి అంచు మీద గీస్తే అచ్చం అడవి టర్కీ కోడిపెట్ట కూసినట్టే ఉంటుంది, ఆ కూతకి పుంజులు వస్తాయి. దాన్ని పలికించడం నాన్న నేర్పింది ఎర్లీన్‌కి. డెల్మర్‌కి అప్పట్లో పాత కార్లు తప్ప లోకమే లేదు.

పెట్టె ఇమ్మని అడిగితే వాడు పదిమందిలో నవ్వాడు.

"అంత పనితనం ఉంటే మిల్లు లోయలో ముసలి పుంజు ఉందిగా, దాన్ని పిలుచుకో అక్కా. ఈ వేటకాలం ముగిసేలోపు కొట్టావంటే పెట్టె నీది. లేదంటే ఇక ఆ మాటెత్తకు."

ఆ గడువు ఇవాళ్టితో సరి. వసంతమంతా ఆమె ఆ పుంజుతోనే కాపురం చేసినట్టయింది. టర్కీ రెక్క ఎముకలతో చేసిన సన్నటి గొట్టం నోట పెట్టుకుని పెట్టలా పిలిచేది. అది కొండ దద్దరిల్లేలా బదులిచ్చేది, వాగు దాకా వచ్చేది, అక్కడ ఆగిపోయేది. నేనిక్కడున్నాను, కావాలంటే నువ్వే రా అన్నట్టు తోక విప్పుకుని అటూ ఇటూ తిరిగేది. ఆడకోడే తన దగ్గరికి రావాలనేది పుంజు పుట్టుబుద్ధి. ఆ పొగరు చూసి ఎర్లీన్ చాలాసార్లు పళ్ళు నూరుకుంది. ఎక్కువగా పిలిస్తే మరీ కదలదు. ఒకసారి పిలిచి నోరు కట్టుకోవాలి, చేత్తో ఆకులు గీకి ఊరుకోవాలి. ఓపికంతా అక్కడే కావాలి.

నిన్న సాయంత్రం అది వాగుకి ఇవతలి చెట్టెక్కడం చూసింది. అందుకే ఇవాళ చీకటితోనే వచ్చి ఓక్ చెట్టుకి వీపు ఆనించి కూర్చుంది. పుంజుని చుట్టి తీసుకెళ్ళడానికి నారింజ రంగు గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది. చచ్చిన పుంజుని భుజాన వేసుకుని నడిచేవాణ్ణి చూసి అవతలివాడు పుంజే అనుకుని కాలుస్తాడు, అందుకని ఆ గుడ్డ.

వెలుగు రాగానే మెత్తగా పిలిచింది. పుంజు కూసింది, చెట్టు దిగింది. ఆకుల మీద దాని అడుగులు దగ్గరవుతున్నాయి.

అప్పుడు పై గట్టు మీంచి పిలుపు పెట్టె గట్టిగా అరిచింది. ఒకసారి కాదు, ఆగకుండా.

ఆ గొంతు ఆమెకి తెలియకపోవడమేమిటి! నాన్న పెట్టె. అడవి గేటు దగ్గర ఆపిన ఆమె ట్రక్కు వాడికి కనబడే ఉంటుంది. ఒకరు పిలుస్తున్న పుంజు జోలికి ఇంకొకరు రాకూడదని ఈ కొండల్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. వాడికి తెలియదా? తెలిసే వచ్చాడు. పుంజు అడుగులు ఆగిపోయాయి.

నేనిక్కడున్నానని కేకేయాల్సింది. కేకేస్తే పుంజు పోతుంది. ఎర్లీన్ గొట్టం నోట పెట్టుకుని వాడి ప్రతి పిలుపునీ మధ్యలోనే కోసేసింది. వాడు గీయగానే ఈమె విరుచుకుపడింది. వాడిని తిట్టాల్సిన తిట్లన్నీ ఆ ఎముకలోంచే తిట్టింది. పెట్టె మూగబోయింది. పుంజు కూడా కిక్కురుమనలేదు.

చాలాసేపటికి ఎదుటి పొదల్లో ఆకులు కదిలాయి. విప్పిన తోక విసనకర్రలా పైకి లేచింది. దాని పక్కన ఎర్రగా మెడ. వచ్చింది! వసంతమంతా వాగు దగ్గరే ఆగిపోయిన పొగరుబోతు ఆమె పిలుపుకి వచ్చేసింది. తుపాకీ భుజానికి ఆనింది, పేలకుండా ఆపే మీట దిగింది, వేలు బిగుసుకుంది.

తోక చూసి కాల్చొద్దు, తల చూసి కాల్చొద్దు, పుంజుకి రొమ్ము మీద వేలాడే వెంట్రుకల కుచ్చు చూశాకే అని నాన్న ప్రతి వసంతం విసుగు పుట్టేదాకా చెప్పేవాడు. ఆమె కుచ్చు కోసం వెతికింది. తోక కాస్త ఒరిగింది. దాని కింద నేల మీద మనిషి వేళ్ళు కనిపించాయి.

"డెల్మర్!" కొండంతా మోగింది. అవతలి పొదల్లోంచి పెద్ద రెక్కల చప్పుడుతో అసలు పుంజు లేచి వాగు దాటి ఎగిరిపోయింది.

డెల్మర్ మోకాళ్ళ మీద లేచాడు. చేతిలో ఎప్పుడో కొట్టిన పుంజుది ఎండిన తోక, మెడలో ఎర్ర రుమాలు.

"నువ్వా? నిజం కోడిపెట్టనుకున్నానే! దాని పక్కన పుంజుంటుందని, తోక చూపిస్తే కొట్లాటకి వస్తుందని..." నవ్వబోయాడు. "నువ్వు వాగు దగ్గరుంటావనుకున్నా అక్కా. అయినా నువ్వెందుకు కాలుస్తావులే."

"ఇది చూడరా." తుపాకీ నేలకి వంచి మీట చూపించింది. "కళ్ళు పెట్టుకుని చూడు. తీసే ఉంది. వేలు ఎక్కడుందో చెప్పనా? పూచికపుల్లంత దూరం, అంతే! నీ పెళ్ళానికి నేనేం చెప్పాలి? ఎర్ర రుమాలు కట్టుకుని, తోక పట్టుకుని, అడవిలో పాకుతావా వెధవా?"

వాడి నవ్వు పోయింది. మొహం తెల్లగా పాలిపోయింది. కోటు లోపలినుంచి పెట్టె తీసి రెండు చేతులతో ముందుకు చాపాడు. మూత టకటకా కొట్టుకుంటోంది.

"తీసుకో అక్కా. ఆ పిలుపుకి నేనే వచ్చానుగా."

ఎర్లీన్ పెట్టె వైపు చూడనైనా లేదు. తూటాలు తీసి జేబులో వేసుకుంది. వాడి మెడలోంచి రుమాలు లాగి పారేసింది. తోక లాక్కుని కాలికింద నలిపింది. జేబులోంచి నారింజ గుడ్డ తీసి, దులిపి, తమ్ముడి భుజాల చుట్టూ తిప్పి, రొమ్ము మీద గట్టిగా ముడేసింది. వాడు కదలకుండా నిలబడ్డాడు. ముడి ఒకసారి జారితే తిట్టుకుంటూ మళ్ళీ వేసింది.

"నడు," అంది. "నా ముందు నడు. నాకు కనబడేలా."